యాప్‌ను ముందు ఒడ్డుకు తీసుకురండి

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు ఈడ్చి కొట్టాయి. అంతకు ముందే నిజాంపట్నం హార్బరులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా ఆ నంబరు అర్థం కాని మత్స్యకార కుటుంబం ఉండదు. ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన సముద్రంలో వాయుగుండం పుట్టింది, కనిపెట్టుకుని ఉండాలి. పదో నంబరంటే ముప్పు నెత్తి మీదికి వచ్చేసింది, ఒడ్డు వదిలి లోపలికి పోవాలి. పగలు గుర్తులు, రాత్రి దీపాలు. రేవుల్లో ఈ పద్ధతి బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. అక్షరం ముక్క రాకపోయినా ఫరవాలేదు. పడవ తీయాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నకు ఒక్క చూపులో జవాబు దొరుకుతుంది.

ఇంత సూటిగా జవాబు చెప్పే యాప్‌లు మన ఫోన్లలో ఎన్ని ఉన్నాయి?

ఈ తీరానికి హెచ్చరికల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ చుట్టుపక్కల ఊళ్లనూ కుదిపేసి దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆనాటికీ ఈనాటికీ మారిందేమిటంటే, ఇప్పుడు సమాచారానికి కరవు లేదు. ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి, హైదరాబాద్‌లో సముద్ర పరిశోధన కేంద్రం ఉంది, ఊరూరా స్మార్ట్‌ఫోన్ ఉంది. ప్రభుత్వ శాఖలు యాప్ మీద యాప్ విడుదల చేస్తున్నాయి. ప్రైవేటు కంపెనీలు రైతు కోసం, చేపల వ్యాపారి కోసం, కిరాణా కొట్టు కోసం అంటూ కొత్త కొత్త సరుకు తెస్తున్నాయి. ఇన్ని తెచ్చినా, సూర్యలంక ఒడ్డున నిలబడ్డ మనిషి చేతిలో అవి పనిచేస్తున్నాయా లేదా అని చూసే పద్ధతి మాత్రం మనకు ఇంకా అలవడలేదు.

ఆ పద్ధతిని నిబంధనగా పెట్టాలి. జనం కోసమని ప్రజల సొమ్ముతో చేయించే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సరే, దాన్ని వాడే చోటికే తీసుకెళ్లి, వాడేవాళ్ల చేతికే ఇచ్చి, పక్కనుండి ఎవరూ చెప్పకుండా పని పూర్తవుతోందో లేదో చూశాకే బిల్లు చెల్లించాలి. సొంత డబ్బుతో వ్యాపారం చేసే కంపెనీలకు ఈ షరతు ఎవరూ పెట్టనక్కర్లేదు, కొనేవాడే పెడతాడు. తెలుగునాట నిలదొక్కుకున్న కంపెనీల చరిత్ర చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ముందు వాడే చోటు ఎలా ఉంటుందో చూడాలి. బాపట్ల పట్నానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక సెలవు రోజుల్లో పర్యాటకులతో కిటకిటలాడుతుంది. అదే తీరం మత్స్యకారులకు పనిచేసే చోటు. పడవను ఇసుకలోంచే నీళ్లలోకి నెట్టాలి, తిరిగొచ్చాక ఇసుక మీదికే లాగాలి. చేతులు తడి, ఉప్పు. ఫోను ఉండేది పాలిథిన్ కవరులో. పట్టపగలు ఎండలో తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు కనపడవు. ఇంజన్ మోతలో చిన్న బీప్ శబ్దం వినపడదు. ఒడ్డు వదిలాక పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సిగ్నల్ పోతుంది. ఏసీ గదిలో, పొడి చేతులతో, పెద్ద తెర ముందు కూర్చుని తయారుచేసిన యాప్‌కు ఇవేవీ తెలియవు. తెలియాలంటే తయారుచేసినవాళ్లు ఒక వేకువన ఇక్కడికి రావాలి.

మన దగ్గర ఉన్నవన్నీ పనికిరానివని కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థనే తీసుకోవచ్చు. భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం దాని పూర్తి పేరు. 1999లో ఏర్పాటైంది. 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు ఇస్తున్నది కూడా ఆ కేంద్రమే. మత్స్యకారులకు దాని నుంచి వచ్చే ముఖ్యమైన సాయం చేపలు దొరికే చోట్ల సూచన. సముద్రపు పైపొర ఎంత వేడిగా ఉంది, నీటిలో పచ్చదనం ఎక్కడ ఎక్కువగా ఉంది అన్నది ఉపగ్రహాలు కొలుస్తాయి. వేడి నీరు, చల్లని నీరు కలిసే అంచుల్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు చేరతాయి. ఆ అంచులు ఎక్కడున్నాయో లెక్కకట్టి రేవుల వారీగా సూచనలు పంపుతారు. గాలించే సమయం తగ్గితే మిగిలేది డీజిలు.

ఈ సూచన రాసే తీరులో ఒక మంచి ఆలోచన ఉంది. సముద్రంలో ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం అని చెప్పి ఊరుకోకుండా, మత్స్యకారుడు బయల్దేరే రేవు పేరు పెట్టి, అక్కడి నుంచి ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల్లో, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎన్ని మీటర్ల లోతులో అన్నది వరుసగా ఇస్తారు. తయారుచేసినవాళ్లు భూగోళ పటం ముందు కూర్చున్నా, రాసేటప్పుడు మాత్రం మత్స్యకారుడి ఒడ్డున నిలబడ్డారు. సాఫ్ట్‌వేర్‌ను వాడేవాడి వైపు నుంచి చూడటమంటే ఇదే.

ఇంకొక్క అడుగు వేయాల్సి ఉంది. తీరంలో పాతతరం వాళ్లు లోతును బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ చాచిన పొడవు ఒక బార, సుమారు ఆరడుగులు. సూచనలో 50 మీటర్లని ఉంటే అది దాదాపు 27 బారలు. ఆ లెక్క యాప్ చేసిపెట్టడానికి కంప్యూటరుకు రెప్పపాటు కాలం కూడా పట్టదు. పడవలో కూర్చుని మనిషి చేసుకోవాలంటే మాత్రం అదొక తలనొప్పి. మీటర్ల పక్కనే బారలు కూడా చూపమని అడగడం చిన్న కోరికలా కనిపిస్తుంది. ఇలాంటి చిన్న కోరికలు పది తీరితే యాప్ రోజూ తెరుచుకుంటుంది, పది తీరకపోతే ఫోనులో మూలన పడి ఉంటుంది.

ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధన సంస్థ 2007లో తమిళనాట మొదలుపెట్టిన 'ఫిషర్ ఫ్రెండ్' ప్రయత్నం ఈ విషయంలో గమనించదగ్గది. టాటా టెలీసర్వీసెస్, క్వాల్‌కామ్ సంస్థలు తోడయ్యాయి. మొదట మామూలు ఫోన్లలో నడిచింది, తర్వాత ఆండ్రాయిడ్‌కు మారింది, తెలుగులోనూ వచ్చింది. అలల ఎత్తు, గాలి వేగం, చేపలున్న చోట్లు, మార్కెట్ ధరలు, తుపాను హెచ్చరికలు అందులో ఉంటాయి. పడవ అంతర్జాతీయ జలసరిహద్దు దగ్గరికి పోతుంటే హెచ్చరించే ఏర్పాటు కూడా ఉంది. రామేశ్వరం మత్స్యకారుడికి అది ప్రాణంతో సమానం. పొరపాటున గీత దాటితే శ్రీలంక నౌకాదళం చేతికి చిక్కుతాడు. బాపట్ల మత్స్యకారుడికి ఆ గీతతో రోజువారీ పనే లేదు. అతనికి కావాల్సింది వేరు: అల ఎంత ఎత్తున ఉంది, పడవ నెట్టొచ్చా, తిరిగొచ్చేసరికి గాలి మారుతుందా. ఇద్దరూ మత్స్యకారులే, ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే యాప్, అయినా మొదటి తెర మీద ఇద్దరికీ కనపడాల్సింది ఒకటి కాదు. వినియోగదారుడు అన్న ఒక్క మాట కింద అందర్నీ కుక్కేస్తే ఎవరికీ సరిపోని సరుకు తయారవుతుంది.

సిగ్నల్ అందని చోట ఏం చేయాలన్నది 2017లో ఓఖీ తుపాను చాలా పెద్ద మూల్యం తీసుకుని నేర్పింది. కేరళ, తమిళనాడు మత్స్యకారులు అప్పటికే లోతు సముద్రంలో ఉన్నారు. హెచ్చరిక పుట్టింది కానీ వాళ్లకు చేరే దారి లేదు. ఆ అనుభవం తర్వాత ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 'జెమిని' అనే చిన్న పరికరాన్ని తెచ్చాయి. 2019 అక్టోబరులో విడుదలైంది. ఉపగ్రహం నుంచి సందేశం అందుకుని బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోనుకు అందిస్తుంది. తొమ్మిది ప్రాంతీయ భాషల్లో యాప్ ఉంది. మంచి పనే. కానీ దాని ద్వారా మాట వినడమే తప్ప మాట పంపడం కుదరదు. ఇంజన్ చెడిపోయి నడి సముద్రంలో ఆగిపోయిన పడవకు చెప్పుకునే అవసరం వినే అవసరం కన్నా పెద్దది.

ఆ లోటు పూడ్చడానికి ఇస్రో రూపొందించిన 'నభ్‌మిత్ర' రెండు వైపులా సందేశాలు నడుపుతుంది, ఆపద సంకేతం పంపగలుగుతుంది. లక్ష పడవలకు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. ఓఖీ నుంచి ఇక్కడికి రావడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. మొదటి పరికరం గీసేనాడే నలుగురు మత్స్యకారుల్ని కూర్చోబెట్టి 'సముద్రంలో మీకు దేనికి భయం?' అని అడిగితే, తిరిగి మాట్లాడే దారి లేకపోవడమే భయమని మొదటి రోజే చెప్పి ఉండేవాళ్లు.

అసలు అవసరం తెలిస్తే సాంకేతికత ఎంత సాదాగా ఉన్నా పనిచేస్తుందనడానికి కేరళ ఉదాహరణ ఉంది. 1997 నుంచి 2001 మధ్య అక్కడి తీరానికి సెల్ టవర్లు వచ్చాయి. యాప్‌లు లేవు, తెర మీద బొమ్మలు లేవు, మాట్లాడుకునే ఫోను ఒక్కటే. మత్తి చేపలు పట్టే మత్స్యకారులు ఇంకా నీళ్లలో ఉండగానే ఏ రేవులో ధర ఎంతో కనుక్కుని పడవను అటు తిప్పడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. కొనేవాళ్లు లేక చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. ధర తెలుసుకోవాలన్న అవసరం అప్పటికే బలంగా ఉంది, ఫోను దానికి అడ్డం రాకుండా దారి ఇచ్చింది.

ఇక వ్యాపారం సంగతి. తెలుగువాళ్లు కట్టిన సాంకేతిక కంపెనీల్లో అందరికీ తెలిసిన పేరు రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరికి రావడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ ఏజెంటు దగ్గరా లేదు. ఎక్కడో ఏదో బస్సులో సీటు ఖాళీగా ఉండే ఉంటుంది, కానీ అది ఎవరి దగ్గర ఉందో చెప్పేవాళ్లు లేరు. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన 2006లో కంపెనీ పెట్టారు. ముందు బస్సుల యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలనుకున్నారు. వాళ్లు ఆసక్తి చూపలేదు. మాకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, సీట్లు అమ్మిపెట్టండి అన్నది వాళ్ల మాట.

ఆ మాట వినడంలోనే కంపెనీ బతుకు ఉంది. ముగ్గురు ఇంజనీర్లు తాము రాసిన సాఫ్ట్‌వేర్ గొప్పదని వాదించకుండా టికెట్లు అమ్మడానికి దిగారు. ఐటీ కంపెనీల గేట్ల ముందు నిలబడి కార్డులు పంచారు. యజమానులకు సీట్లు నిండటం కనపడ్డాక, వాళ్ల కోసం విడిగా సీట్ల లెక్క చూసుకునే వ్యవస్థ తయారైంది. ప్రయాణికుడికి కిటికీ పక్క సీటు ఏదో తెర మీద చూసి ఎంచుకునే వీలు, టికెట్ ఎస్సెమ్మెస్‌లో చూపించి బస్సెక్కే వీలు వచ్చాయి. 2013లో ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుగోలు చేసింది. తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి ముఖ్య ఇన్నోవేషన్ అధికారిగా పనిచేశారు. వాడేవాడు మొదటిసారి వద్దన్నప్పుడు ఆ వద్దులో ఏముందో వెతకడం ఈ కంపెనీ నుంచి నేర్చుకోదగ్గ పని.

సూర్యలంకకు ఇంకా దగ్గరి ఉదాహరణ విజయవాడలో ఉంది. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల్లో రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. రొయ్యల రైతుకు రాత్రి నిద్ర ఉండదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక తయారీ ఆగి వాడకం మాత్రం సాగుతుంది. తెల్లవారుజాముకు లీటరు నీటిలో ఆక్సిజన్ 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్యలకు ముప్పు మొదలవుతుంది. అప్పుడే కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఒక్క వేకువలో పంట మొత్తం తేలిపోతుంది. అందుకే రైతో, కాపలా మనిషో గట్టు మీదే పడుకుంటారు.

శ్రీరామ్ రావి 2012లో విజయవాడలో స్థాపించిన ఏరువాక టెక్నాలజీస్ ఈ భయాన్ని పట్టుకుంది. చెరువులో తేలే పరికరం ఆక్సిజన్ కొలుస్తుంది, తగ్గితే రైతు ఫోనుకు కబురు పెడుతుంది. రొయ్య మేత తినేటప్పుడు వచ్చే శబ్దాన్ని నీటిలోని మైకుతో విని, ఆకలిని బట్టి మేత వేసే యంత్రాన్ని కూడా ఆ కంపెనీ తెచ్చింది. రొయ్యల సాగులో పెద్ద ఖర్చు మేతదే కాబట్టి, ఎక్కువ వేస్తే డబ్బూ పోతుంది, నీరూ చెడుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన మేత కంపెనీ న్యూట్రెకో ఇందులో పెట్టుబడి పెట్టింది. రైతుకు గ్రాఫులు, పట్టికలు ఎన్ని చూపించినా అవి తెల్లారాక చూసుకునేవి. తెల్లవారుజామున మూడింటికి కావాల్సింది మనిషిని లేపే కాల్. తెర మీద నిశ్శబ్దంగా మెరిసి మాయమయ్యే నోటిఫికేషన్ ఆ వేళలో ఉన్నా లేనట్టే.

మరో చిన్న వస్తువును ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. చేపలమ్మే మహిళ ముందు చాప, దాని మీద చేపలు, పక్కన కత్తిపీట, బకెట్లో నీళ్లు. చేతులు రెండూ పొలుసుతో నిండి ఉంటాయి. కొన్నవాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపాను అంటాడు. నిజంగా పంపాడా లేదా చూడాలంటే ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫోను తీసి, లాక్ తెరిచి, మెసేజ్ చదవాలి. ఈలోగా మరో ఇద్దరు బేరమాడుతుంటారు. 2016లో యూపీఐ వచ్చాక ఇలాంటి చిన్న వ్యాపారులందరికీ ఇదే ఇబ్బంది. పేటీఎం 2019లో తెచ్చిన సౌండ్ బాక్స్ ఈ చిక్కును విప్పింది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెబుతుంది. కళ్లతో పని లేదు, చేతులతో పని లేదు, ఎదుటివాడిని అనుమానించాల్సిన పని లేదు. ఫోన్‌పే 2024లో తన స్పీకర్‌కు మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టింది.

ఈ డబ్బా కోసం వ్యాపారులు నెలనెలా అద్దె కడుతున్నారు. పది రూపాయల దగ్గర గీసి గీసి బేరమాడే బజారులో, ఉచిత యాప్‌లు కుప్పలుగా ఉన్న కాలంలో, చిల్లర వ్యాపారి అద్దె కట్టడానికి ఒప్పుకున్నాడంటే అది అతని పని తీర్చింది కాబట్టే. మన వాళ్లు డబ్బు పెట్టరు, అన్నీ ఉచితంగా అడుగుతారు అని వాపోయే యువ వ్యాపారవేత్తలు ఈ ఒక్క వస్తువును శ్రద్ధగా గమనించాలి. డౌన్‌లోడ్ల సంఖ్య పెట్టుబడిదారుడికి చూపించడానికి పనికొస్తుంది. రెండో నెల కూడా అద్దె కట్టినవాళ్లు ఎందరన్నదే కంపెనీ నిలబడుతుందో లేదో చెప్పే లెక్క.

ప్రభుత్వం వైపు చూస్తే, కంప్యూటర్లను జనం పనికి వాడటంలో తెలుగు రాష్ట్రాలకు పాతికేళ్లు దాటిన అనుభవం ఉంది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 'కార్డ్' ప్రాజెక్టు, 2001 ఆగస్టులో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు. వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. పౌరుడికీ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య కౌంటరు వెనక ఒక మనిషి కూర్చున్నాడు. తెర ఎంత గజిబిజిగా ఉన్నా ఆ భారం ఆపరేటరు మోశాడు. 'మీ సర్వే నంబరు ఎంత? తండ్రి పేరు?' అని నోటితో అడిగి, గడులన్నీ తనే నింపాడు. సాఫ్ట్‌వేర్‌లోని లోపాలు జనానికి కనపడకుండా అతని నేర్పు కప్పేసింది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 'మన మిత్ర' ఆ మధ్య మనిషిని తీసేసింది. 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. కొత్త యాప్ దించుకోమనకుండా, జనం రోజూ వాడే వాట్సాప్‌లోకే ప్రభుత్వం వెళ్లడం తెలివైన నిర్ణయం. తాత నుంచి మనవరాలి దాకా అందరికీ తెలిసిన తెర అది, తెలుగులో నడుస్తుంది. ఈ పనికి మెచ్చుకోవాల్సిందే. అయితే ఆపరేటరు మోసిన భారమంతా ఇప్పుడు రూపకల్పన మోయాలి. సేవ ఏ శాఖ కిందికి వస్తుందో తెలిసినవాడే జాబితాలో సరైన చోటికి చేరతాడు. మామూలు మనిషి శాఖ పేరుతో ఆలోచించడు, 'పాప కాలేజీకి కులం కాగితం కావాలి' అని ఆలోచిస్తాడు. ఆ వాక్యాన్ని నోటితో చెబితే అర్థం చేసుకుని, అవసరమైన రెండు ప్రశ్నలు అడిగి, పని ముగించే స్థాయికి ఇది చేరాలి.

చదవలేని మనిషికి గొంతే దారి. మామూలు ఫోనుతో, ఇంటర్నెట్ లేకుండా, ఫోను చెప్పే మాట విని మీటలు నొక్కి డబ్బు పంపే యూపీఐ 123పే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలోనే ప్రారంభించింది. డబ్బు విషయంలో సాధ్యమైంది ధ్రువపత్రం విషయంలో ఎందుకు కాదు? గుర్తింపు సంగతీ అంతే. తాళ్లు లాగి, వలలు దులిపి అరిగిపోయిన వేళ్లను వేలిముద్ర యంత్రాలు తరచూ గుర్తుపట్టవు. అలాంటప్పుడు రెండో దారి ఏమిటో అదే తెర మీద కనపడాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయంలో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఈ-కేవైసీ కోసం కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన కేసులు అవి. డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం చెప్పింది. వాడటానికి వీలుగా లేని యాప్‌ను జనం మీద రుద్దడం ఇక అసౌకర్యం మాత్రమే అనుకుని వదిలేసే విషయం కాదు.

ఇలా పరీక్షలు పెడితే పని ఆలస్యమవుతుంది, ఖర్చు పెరుగుతుంది అన్నది అధికారులూ కాంట్రాక్టర్లూ చెప్పే మొదటి అభ్యంతరం. దీనికి జవాబు పాతికేళ్ల కిందటే దొరికింది. వాడుక తీరుల మీద జీవితమంతా పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంలో, అయిదుగురు మనుషుల చేత వాడించి చూస్తే చాలు, తెరలోని ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని చూపించాడు. అయిదుగురితో ఒకసారి చూడటం, సరిదిద్దడం, మళ్లీ వేరే అయిదుగురితో చూడటం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, నోరు మూసుకుని పక్కన కూర్చోగల ఓపిక ఉంటే సరిపోతుంది. కష్టమల్లా ఆ ఓపికతోనే. వాడేవాడు తడబడుతుంటే 'అక్కడ నొక్కండి బాబాయ్' అని చెప్పాలని తయారుచేసినవాడి నాలుక పీకుతుంది. చెప్పిన క్షణంలో పరీక్ష చెడిపోతుంది.

చదువులేనివాళ్లకు ఎంత చేసినా అర్థం కాదన్నది రెండో అభ్యంతరం. ఇది నిజం కాదు. మరబోట్ల మీద పనిచేసేవాళ్లు జీపీఎస్ వాడుతున్నారు, లోతును చూపే ఎకో సౌండర్ వాడుతున్నారు. కిందటిసారి చేపలు పడ్డ చోటును యంత్రంలో గుర్తుపెట్టి మళ్లీ అదే చోటికి చేరుతున్నారు. ఇంగ్లిషు మీటలున్న ఆ యంత్రాల్ని ఎవరూ తరగతులు పెట్టి నేర్పలేదు. అవి ఇచ్చే ఫలితం స్పష్టంగా ఉంది కాబట్టి నేర్చుకున్నారు. వస్తువు వాడకం తెలియకపోతే తప్పు వాడేవాడిది కాదు, రూపకల్పనది అని డాన్ నార్మన్ 1988లో పుస్తకమే రాశాడు. తలుపు నెట్టాలో లాగాలో అర్థం కాక తికమకపడే మనిషి తనను తాను తిట్టుకుంటాడని, తిట్టాల్సింది తలుపు చేసినవాణ్నని ఆయన వాదన.

బాపట్లలో ఈ పని మొదలుపెట్టడానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. 1981 నుంచి నడుస్తున్న ఇంజనీరింగ్ కళాశాల ఉంది, 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది. ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు, మరొకదాంట్లో రైతుతో మాట్లాడటం నేర్చుకునే పిల్లలు. చివరి ఏడాది ప్రాజెక్టు పేరుతో హైదరాబాద్‌లో అచ్చుగుద్దినట్టు దొరికే పాత ప్రోగ్రాములు కొని సమర్పించే బదులు, ఇద్దరిద్దరు చొప్పున ఒక ప్రభుత్వ యాప్ తీసుకుని సూర్యలంకలో మత్స్యకారుల దగ్గర, రేపల్లెలో రొయ్యల రైతుల దగ్గర, తెనాలి బజారులో చిల్లర వ్యాపారుల దగ్గర అయిదుగురేసి చేత వాడించి చూడొచ్చు. ఎక్కడ ఆగిపోయారు, ఏ మాట అర్థం కాలేదు, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు అన్నది రాసి జిల్లా కలెక్టరుకూ, యాప్ తయారుచేసిన శాఖకూ ఇవ్వొచ్చు. ఆ పిల్లలకు ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకన్నా మంచి అనుభవం ఏముంటుంది?

ప్రభుత్వం వైపు నుంచి మూడు షరతులు చాలు. ఒకటి, టెండరు పత్రంలోనే ఈ పరీక్ష రాసి ఉండాలి, చివరి విడత చెల్లింపు దాని ఫలితానికి ముడిపడి ఉండాలి. రెండు, పరీక్షలో ఏం తేలిందో అందరికీ కనపడేలా ప్రకటించాలి. మూడు, ప్రతి యాప్ మొదటి తెర మీద మనిషితో మాట్లాడే ఫోను నంబరు ఉండాలి, ఆ నంబరుకు ఎక్కువగా వచ్చే పది ప్రశ్నలేమిటో మూడు నెలలకోసారి చూసి యాప్‌ను మార్చాలి. తెలుగు సంగతి వేరే చెప్పాలి. ఇంగ్లిషులో తయారుచేసి చివర్లో యంత్రంతో తర్జుమా చేయించిన తెలుగు ఎవరికీ అర్థం కాదు. తీరంలో మాట్లాడే తెలుగులోనే మొదటి నుంచీ రాయించాలి.

దీనికి సరైన అదును కూడా ఏటా వస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలల మరమ్మతు సాగుతుంటుంది, మనుషులు ఊళ్లో దొరుకుతారు. ఇన్‌కాయిస్ ఇంజనీర్లు, మన మిత్ర బృందం, బాపట్ల విద్యార్థులు ఆ రెండు నెలల్లో సూర్యలంకలో, నిజాంపట్నంలో కూర్చుని పని మొదలుపెట్టవచ్చు. ముందుగా చేపల సూచనలో బారల లెక్క చేర్చి, దాన్ని తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు చేసి, అయిదుగురు మత్స్యకారుల చేత వాడించి చూస్తే, జూన్ 15న వేటకు బయల్దేరే పడవల్లో సరిదిద్దిన యాప్ ఉంటుంది.